కుట్టు వెయ్యని పరుపు

తలుపుకి అవతల బుడంకాయ నిద్రపోతోంది. ఇవతల మావయ్య స్టూలు వేసుకుని ఆ నిద్రకి కాపలా కాస్తున్నాడు. కాపలా అంటే కర్ర పట్టుకు తిరగడం కాదు, చెవులు రెండూ తలుపుకి అప్పగించేసి మిగతా మనిషిని స్టూలు మీద పారేసుకోవడం. మధ్యాహ్నం భోజనాలయ్యాక పడుకుంది పిల్ల. ఇంకా దగ్గలేదు. గొంతులో పిల్లికూతలు ఇంకా మొదలవలేదు. ఇదిగో ఇప్పుడేదో వినపడింది, కాదు, అది ఫ్యాను. ఫ్యాను రెక్కలు కూడా పొద్దున్నే తడిగుడ్డతో తుడిచాడు, నిచ్చెన ఎక్కి మరీ, చెల్లెలు కింద నిలబడి "పైనుంచి నువ్వు పడితే నాకు ఇద్దరు రోగులవుతారు" అంటుంటే. ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చుంది ఆ చెల్లెలే ఇప్పుడు, ఒళ్ళో బీన్స్ గిన్నె పెట్టుకుని. ఒక్కో కాయనీ చప్పుడు కాకుండా తుంచుతోంది. బీన్సు కాయని చప్పుడు కాకుండా తుంచడం ఎంత కష్టమో ఈ గంటలోనే తెలిసింది మావయ్యకి. నిన్న రాత్రి అన్నం దగ్గర ఆవిడ చెప్పేసింది, కోపంగా కూడా కాదు, మజ్జిగ కలుపుకుంటూ చెప్పినట్టు చెప్పింది. "అన్నయ్యా, ఇదే ఆఖరు. రేపు మధ్యాహ్నం పిల్ల ఆయాసం లేకుండా పడుకుని లేచిందా, ఇక్కడే ఉంటాం. ఆయాసం వచ్చిందా, సాయంత్రం ఆయన ఫోన్ చేసినప్పుడు ఆ గది ఖాయం చేసెయ్యమంటాను." ఆయన అంటే బావ, లారీ తోలతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఊరికి ఆ చివర కొత్తగా కట్టిన ఇంట్లో ఒక గది చూసిపెట్టాడు, ఎవరి పాత సామానూ లేని, ఎవరి దుమ్మూ లేని గది. "నా జోకులు తప్పించుకోడానికి అంత దూరం పోవాలా?" అన్నాడు మావయ్య. చెల్లెలు నవ్వలేదు. నవ్వకపోతే ఏం చెయ్యాలో మావయ్యకి తెలీదు, పుట్టిన దగ్గర్నుంచీ ఆయన దగ్గరున్న పనిముట్టు నవ్వించడమొక్కటే, అది పనిచెయ్యకపోతే చేతులు ఖాళీ.

రెండో పనిముట్టంటూ ఉంటే అది దబ్బనం. వీధిలో అందరికీ ఆయన పరుపుల మావయ్య. పాత దూది ఏకి, ఎండబెట్టి, గుడ్డలో కూరి, పరుపులు కుడతాడు, దిండ్లు కుడతాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "అందరి మంచాలూ సర్దేసరికి నా మంచం సంగతి మర్చిపోయాను" అంటాడు. దుకాణం వేరే లేదు అప్పట్లో, ఇంటి ముందు గదే దుకాణం. దూది ఏకుతుంటే గదంతా తెల్లగా లేచేది, కిటికీలోంచి ఎండ పడితే ఆ నలకలన్నీ బంగారంలా తేలేవి, అప్పుడే పాకడం నేర్చిన బుడంకాయ వాటిని పట్టుకోబోయి గుప్పిట మూసి తెరిచి చూసుకుని, ఏమీ లేకపోతే మావయ్య మీద అలిగేది. ఎంత బాగుండేది! ఎంత బాగుండేదీ అని ఇప్పుడు అనాలంటే నోరు రావడం లేదు. బంగారం అనుకున్నది ఆ పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతోందని ఎవరికి తెలుసు. పిల్ల తుమ్మితే జలుబన్నారు. దగ్గితే చల్లగాలి అన్నారు. రాత్రిళ్ళు లేచి కూర్చుని ఎగశ్వాస తీస్తుంటే మావయ్య ఏం చేశాడు? తనకి వచ్చిన పని చేశాడు. పాపం పిల్లకి పరుపు గట్టిగా ఉంది, అందుకే నిద్ర పట్టడం లేదని, మర్నాడే పరుపు విప్పి, దూది మళ్ళీ ఏకి, ఇంకో నాలుగు గుప్పిళ్ళు ఎక్కువ కూరి, మబ్బులా చేసి పరిచాడు. పిల్లకి ఇంకా ఎక్కువైంది. మావయ్య ఇంకా మెత్తగా చేశాడు. పిల్ల దగ్గినకొద్దీ పరుపు ఉబ్బింది, పరుపు ఉబ్బినకొద్దీ పిల్ల దగ్గింది, ప్రేమ అనేది కొలతల్లేకుండా కూరితే ఎంత పని చేస్తుందో చూడండి.

దూది కూడా మామూలు దూదా? అమ్మ పరుపులోది. అమ్మ పోయాక ఆ పరుపు ఎవరికీ ఇవ్వలేదు, అటక మీద పడేసి ఉంచాడు, పిల్ల పుట్టాక దించి విప్పాడు. విప్పుతుంటే వాసన వచ్చింది, అమ్మ తలనూనె వాసనో, తను అనుకున్నాడో. అమ్మ ఒళ్ళో పడుకున్నట్టు పడుకుంటుంది మనవరాలు, అనుకున్నాడు. చెల్లెలు కూడా అలాగే అనుకుంది, తడిమి చూసి ముక్కు ఎగబీల్చింది, అన్నాచెల్లెళ్ళిద్దరూ కాసేపు దూదిగుట్ట మీద చిన్నపిల్లల్లా కూర్చున్నారు కూడా. అందుకే మొన్నీమధ్య దాన్ని పారేయాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. మావయ్య ఒక్కడే భుజాన వేసుకుని తీసుకెళ్ళాడు. అమ్మ ఇంత బరువు ఉండేది కాదే, అనుకున్నాడు దారిలో. తిరిగొచ్చాక చెల్లెలు టీ ఇచ్చింది, అంతే, ఇద్దరూ తాగారు. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది అది? గిన్నెలో బీన్సు ముక్క పడిన చప్పుడు, అంతే. తలుపు వెనక ఏమీ లేదు. ఏమీ లేకపోవడం మంచిదా చెడ్డదా? ఊపిరి తీస్తోందా? తీస్తూనే ఉంటుంది, తియ్యక ఏం చేస్తుంది, బుర్రలేని మనిషీ.

డాక్టరమ్మ దగ్గర జరిగిందంతా వేరు. బుడంకాయ ముంజేతి మీద చుక్కలు చుక్కలుగా ఏవో మందులు వేసి, ఒక్కో చుక్క మీద సన్న సూదితో చిన్నగా గిచ్చింది. "కాసేపు కదలకుండా కూర్చో తల్లీ, ఏది పొంగుతుందో చూద్దాం." పిల్ల ఏడుపుకి సిద్ధంగా ఉందని మావయ్య తన చెయ్యి కూడా చాపి "నాకూ వెయ్యండి, మా ఇద్దరికీ పందెం, ఎవరి చెయ్యి ఎక్కువ పొంగితే వాళ్ళు గెలిచినట్టు" అన్నాడు. పిల్ల నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు, ఆవిడకి బయట ఇంకా బోలెడు మంది ఉన్నారు. మిగతా చుక్కలన్నీ బుద్ధిగా ఊరుకున్నాయి గానీ ఒక్కటి మాత్రం ఎర్రగా, శనగగింజంత లేచి నిలబడింది. "దుమ్ము పురుగులు," అంది డాక్టరమ్మ. "కంటికి కనపడవు. పరుపుల్లో, దిండ్లలో, దుప్పట్లలో ఉంటాయి. మన ఒంటి మీంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. వాటి రెట్టే ఈ పిల్లకి పడటం లేదు." మావయ్య కాసేపు ఆలోచించి, "అంటే ఇన్నాళ్ళూ నన్నే తింటూ, నా పరుపుల్లోనే కాపురం ఉంటున్నాయన్నమాట, మా బంధువుల్లో ఎవరో గుర్తొస్తున్నారు" అన్నాడు. ఈసారి డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే, "మీరేం చేస్తారు?" అని అడిగింది. "పరుపులు కుడతానండీ." గదిలో నవ్వు టక్కున ఆగిపోయింది. చెల్లెలు నేల వంక చూసింది. పిల్ల ఒక్కతే గర్వంగా "మా మావయ్య పరుపులు మబ్బుల్లా ఉంటాయి" అంది. అబ్బ, ఆ మాట. దెబ్బ తగిలినచోట మళ్ళీ నొక్కినట్టు, ఇప్పుడు కూడా.

"ఇది మందేసి పోగొట్టేది కాదు, అదుపులో పెట్టుకునేది. ఇన్‌హేలర్ వాడండి, మానొద్దు. దాంతోపాటు ఇల్లు సర్దండి. పిల్ల పడుకునే గదిలోంచి మొదలుపెట్టండి," అని చెప్పి పంపింది డాక్టరమ్మ. మొదలుపెట్టారు. ముందు గదిలోని దుకాణం మొత్తం వీధి చివర షట్టరు గదిలోకి పోయింది. కర్టెన్లు పోయాయి, నేల మీద తివాచీ పోయింది, మావయ్య తన చేత్తో కుట్టిన కుర్చీ మెత్తలు ఒకదాని వెనక ఒకటి పోయాయి, పోతూ పోతూ ఆయన్ని చూసినట్టనిపించింది. పొడి చీపురు మానేశారు, తడిగుడ్డే. దుప్పట్లూ దిండు గలీబులూ వారం వారం మరిగే నీళ్ళలో ఉడికాయి. దోమల చుట్ట పోయింది, మావయ్య పౌడరు డబ్బా పోయింది. స్నానాల గది గోడ మీద నల్లగా బూజు పట్టిన చోట పైపు కారుతోందని కనిపెట్టి బాగుచేయించారు. బుడంకాయ ఎలుగుబంటి బొమ్మని మాత్రం పారెయ్యడానికి వీల్లేదని పిల్ల గుమ్మంలో అడ్డంగా పడుకుంది. సరే, దానికీ ఉపాయం ఉందట, ప్లాస్టిక్ సంచిలో కట్టి ఒకరోజు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, తీశాక ఉతికితే చాలట. మావయ్య ఊరికే పెడతాడా? దాన్ని సంచిలోనే మంచు ట్రే మీద కాలు మీద కాలేసుకుని కూర్చోబెట్టి, చేతికో చెంచా ఇచ్చి తలుపు మూశాడు. చెల్లెలు పొద్దున్నే మంచుముక్కల కోసం తలుపు తీసి పెట్టిన కేకకి పక్కింటి వాళ్ళు వచ్చారు. "దానికి చలేస్తుందా మావయ్యా?" అని పిల్ల అడిగితే "దానికి పుట్టినప్పట్నుంచీ ఒళ్ళంతా కంబళే కదే, ఇన్నాళ్ళకి సుఖపడుతోంది" అన్నాడు. చెల్లెలికి అప్పుడు కోపం, ఇప్పుడు గుర్తుచేస్తే నవ్వుతుందేమో, చూద్దామా, వద్దు, చప్పుడవుతుంది.

షట్టరు గది దగ్గర రోజూ సాయంత్రం పని బట్టలు విప్పి సంచిలో కట్టి, కుళాయి కింద తలస్నానం చేసి, వేరే బట్టలు వేసుకుని గానీ ఇంటికి రాడు. ఎదురు సెలూను కుర్రాడికి పండగే. "ఏంటి బాబాయ్, ఈ వయసులో రోజూ సాయంత్రం స్నానాలు, సబ్బు వాసనలు! ఎవరా అదృష్టవంతురాలు?" "మా మేనకోడలురా. ఆవిడ దర్శనానికి శుభ్రంగా రావాలట. నీలాగా జుట్టు ముక్కలు జేబులో వేసుకుని పోతే గుమ్మంలోంచే తిరిగి పంపేస్తుంది." "అయితే గడ్డం కూడా చేసేదా, ఉచితంగా?" "నువ్వు ఉచితంగా చేస్తే మెడ కూడా పోతుందిరా, వద్దు." తల తుడుచుకుంటూ నవ్వుకుంటాడు గానీ, సెలూను అద్దంలో తన జుట్టు వెనక ఇంకా ఒక దూది పోగు ఉందేమోనని ఇటూ అటూ తిరిగి చూసుకుంటాడు. ఆ కుర్రాడు అది చూసి దువ్వెన తీసి ఇస్తాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, పరుపు ఒక ఎత్తు. పరుపుల మావయ్య పరుపు కొనాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో చేసిన, దూది లేని, స్పాంజి పరుపు. బజార్లో కొట్టువాడు గుర్తుపట్టకుండా టోపీ పెట్టుకు వెళ్ళాడు. తెచ్చేటప్పుడు పెద్ద వీధిలోంచి వద్దని రిక్షావాణ్ణి వెనక సందులోంచి తిప్పించాడు. అయినా ఏం లాభం, ఆ సందులోనే ఎదురొచ్చింది పాలావిడ. "పరుపు కొన్నారా? మీరా?" అంది, సెలూను వాడి గడ్డమే మాసి ఉంటే చూసినట్టు చూసి. "రోగం వచ్చింది దీనికి, చూపించి తీసుకొస్తున్నా" అన్నాడు. ఆ తరవాత అసలు తప్పు చేశాడు. డాక్టరమ్మ చెప్పిన గుడ్డే, నేత బాగా దగ్గరగా ఉండి పురుగు దూరని, రెట్ట బయటికి రాని గుడ్డే తెచ్చి, మూడు వైపులా జిప్పు వచ్చేలా తొడుగు కుట్టాడు, పరుపుకి తొడిగాడు. అంతా సరిగ్గా ఉంది. నున్నగా, చదరంగా, చచ్చినట్టు పడి ఉంది పరుపు. మావయ్య దాని వంక చూస్తూ నిలబడ్డాడు. ఏదో తక్కువైంది. ఎన్నేళ్ళ చెయ్యి అది! పరుపంటే పైనుంచి కిందికి దబ్బనం దించి, కింద నుంచి పైకి లాగి, ముడి బిగించి, అక్కడక్కడా సొట్టలు పడితేనే పరుపు, లేకపోతే అది బల్ల. చెయ్యి దానంతటదే దబ్బనం తీసింది. వరసగా కుట్లు దించేశాడు తొడుగులోంచి పరుపులోకి, పరుపులోంచి తొడుగులోకి, ఈలపాట పాడుకుంటూ. చెల్లెలు చూసి "ఇప్పుడు మన పరుపులా ఉంది అన్నయ్యా" అని మెచ్చుకుంది కూడా. ఒక్కో కుట్టూ ఒక కన్నమని ఇద్దరిలో ఒక్కళ్ళకీ తట్టలేదు. వారాలు తిరక్కుండానే పిల్ల గొంతులో మళ్ళీ పిల్లికూతలు. ఇల్లంతా కడిగాం కదా, కర్టెన్లు తీశాం కదా, ఇంకేముంది ఈ ఇంట్లో, అని చెల్లెలు గోడల వంక చూసింది, తరవాత అన్నయ్య వంక చూసింది. ఆ చూపు. తరవాత ఒకరోజు దుప్పటి మారుస్తూ మావయ్య కుట్లు తెంపి తొడుగు విప్పి కిటికీకి అడ్డం పట్టుకున్నాడు. గుడ్డ నిండా చుక్కలు చుక్కలుగా వెలుతురు. మంచం మీద కూలబడి తనని తనే, తనకి వచ్చిన తిట్లన్నీ తిట్టుకున్నాడు, కొన్ని తెచ్చుకుని మరీ తిట్టుకున్నాడు.

మళ్ళీ మొదట్నుంచీ. కొత్త స్పాంజి, లోపలివైపు ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త గుడ్డ. ఈసారి అంచులు మాత్రమే, సన్న సూదితో మిషను మీద, కుట్టు కన్నాలు మూసుకుపోయేలా పైన టేపు అతికించి. దిండుకీ అలాగే. దబ్బనం షట్టరు గదిలోనే తాళం వేసి వచ్చాడు, తనని తను నమ్మక. పిల్ల వాళ్ళ నాన్న వైపు పిన్నిగారింట్లో ఉంది ఈ నాలుగు రోజులూ, గది తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తుడిచారు. పొద్దున తెచ్చారు దాన్ని. రాగానే మావయ్య మెడ పట్టుకుని వేలాడింది, మావయ్య ఊపిరి బిగపట్టాడు, తన ఊపిరి కూడా ఆ పిల్లకి పడదేమో అన్నట్టు.

అచ్చ్!

బీన్సు కాయ చెల్లెలి చేతిలో సగంలో ఆగిపోయింది. మావయ్య లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు, స్టూలు కిర్రుమంది, దాన్ని కళ్ళతోనే తిట్టాడు. ఒక తుమ్ము. ఒకటైతే ఫరవాలేదు, మనుషులన్నాక తుమ్ముతారు, తనూ తుమ్ముతాడు, డాక్టరమ్మ కూడా తుమ్ముతుంది. బుడంకాయ తుమ్ములు మాత్రం ఎప్పుడూ జట్టుగా వస్తాయి, ఒకదాని కొంగు పట్టుకుని ఇంకోటి, ఆఖర్న దగ్గు, దగ్గు వెనక ఆ కూత. రెండోది ఇప్పుడొస్తుంది. వస్తుంది. ఎక్కడ వదిలేశాడు? అల్మరా పైన తుడిచాడు. మంచం కింద తుడిచాడు. కిటికీ ఊచలు? తుడిచాడు. ఎలుగుబంటి చెవులు? ఉతికాడు. తనే అయి ఉంటాడు. పొద్దున మెడ పట్టుకుంది కదా, కాలరు వెనక ఏదైనా పోగు ఉంటే? సాయంత్రం ఫోన్ వస్తుంది, చెల్లెలు వరండాలోకి వెళ్ళి నెమ్మదిగా మాట్లాడుతుంది, మర్నాడు సామాను, అంతే కదా. కొత్త గది బాగుంటుంది. మంచి గాలి. తను ఆదివారాలు వెళ్ళి చూసొస్తాడు, శుభ్రంగా స్నానం చేసి, గుమ్మం బయట కూర్చుని. బావుంటుంది. పిల్ల హాయిగా ఊపిరి తీసుకుంటే చాలు, ఎక్కడైతేనేం, అంటాడు నవ్వుతూ. అంటాడు. అనగలడు. ఈ ఇంట్లో ఇక కోప్పడే వాళ్ళుండరు, ఫ్రిజ్ తీసి కేక పెట్టే వాళ్ళుండరు, వేళాకోళం చెయ్యాలంటే అద్దం ముందు నిలబడాలి.

"తలుపు తియ్యనా?" అన్నాడు పెదాలతోనే.

"వద్దు," అంది చెల్లెలు పెదాలతోనే. తరవాత ఏమనుకుందో, గిన్నె పక్కన పెట్టి, పాక్కుంటూ వచ్చి తలుపుకి చెవి ఆనించింది. మావయ్య కూడా స్టూలు దిగి కింద కూర్చుని ఇంకో పక్క చెవి ఆనించాడు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా. చెల్లెలి కణత దగ్గర నరం కొట్టుకోవడం కనపడుతోంది. దానికీ వయసొచ్చేసింది, అనుకున్నాడు. చిన్నప్పుడు దీన్ని ఎంత ఏడిపించాడు. ఊపిరి బిగపట్టి చచ్చిపోయినట్టు పడుకుంటే పిచ్చిపిల్ల గుక్కపెట్టేది.

రెండో తుమ్ము రాలేదు.

ఇంకాసేపు చూశారు. రాలేదు. మంచం కదిలిన చప్పుడు, తరవాత కరకరమని ఏదో చప్పుడు, తరవాత గొంతు. నిద్రమొహం గొంతు, చిరాకు గొంతు.

"మావయ్యా! ఈ పరుపు అస్సలు బాగాలేదు, ఇటు దొర్లితే కరకర అటు దొర్లితే కరకర చిప్స్ ప్యాకెట్ మీద పడుకున్నట్టుంది, దుప్పటేమో జారిపోతోంది దిండేమో చెంపకి అంటుకుపోతోంది, దీన్ని నువ్వు కుట్టలేదు కదా నాకు తెలుసు ఎవడో పనికిమాలిన వాడు కుట్టాడు!"

మావయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. మాటలు కాదు ఆయన విన్నది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల నిద్ర లేచి మాట్లాడితే ముక్కలు ముక్కలుగా వచ్చేది, మావయ్యా అని ఒక ఊపిరి, నీళ్ళు అని ఇంకో ఊపిరి, మధ్యలో భుజాలు పైకి లేచేవి. ఇప్పుడది ఒక్క గుక్కలో, కామా లేదు, ఫుల్‌స్టాపు లేదు, ఎక్కడా ఆగలేదు, ఆగాల్సిన అవసరం కూడా దానికి తట్టలేదు. ఆ పనికిమాలిన వాడు చెవి ఇంకా గట్టిగా తలుపుకి ఆనించాడు. జీవితంలో ఆయన పనిని ఇంత ఘోరంగా ఎవరూ తిట్టలేదు, ఇంత బాగా కూడా ఎవరూ మెచ్చుకోలేదు.

చెల్లెలు తలుపుకి ఆనుకునే ఉంది. కళ్ళు తుడుచుకోలేదు, చేతులకి బీన్సు పీచు. "అన్నయ్యా," అంది, "సోమవారం నుంచి దీన్ని బడి దగ్గర దింపడం నీ పనే. నేను పొద్దున్నే పనికెళ్ళాలి."

"ఇక్కణ్ణుంచా?" అన్నాడు. అడిగాక అదెంత తెలివితక్కువ ప్రశ్నో తెలిసింది.

"కాదు, చంద్రుడి మీంచి," అంది చెల్లెలు, ముక్కు చీదుకుని.

మావయ్య ఆవిడ చేతి మీది బీన్సు పీచు ఒకటి ఏరి గిన్నెలో వేశాడు. లోపల్నుంచి పిల్ల మళ్ళీ, "మావయ్యా, వింటున్నావా? ఉన్నావా అసలు?"

"ఉన్నానే," అన్నాడు మావయ్య తలుపుతో, "ఆ పరుపు కుట్టినవాణ్ణి పట్టుకుని ఇక్కడే కూర్చోబెట్టాను. ఇంకా తిట్టు. మొదట్నుంచీ, నెమ్మదిగా, ఒక్కటీ వదలకుండా తిట్టు."

పిల్ల పెద్దగా ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది.